జిల్లా కోర్టుల్లోని నా తోటి న్యాయవాదులకు: బాధితులు బోనెక్కే రోజున వాయిదా అడగొద్దు

బార్ అసోసియేషన్ల అధ్యక్ష కార్యదర్శులకు, సీనియర్లకు, నాతోపాటు రోజూ కోర్టు మెట్లెక్కే జూనియర్లకు నమస్కారం.

నేను ట్రయల్ కోర్టు లాయర్‌ని. హైకోర్టుకు వెళ్లలేదు, వెళ్లాలని అనుకోనూ లేదు. నా పని రెండు చోట్ల. పిల్లలపై లైంగిక నేరాల కేసులు వినే పోక్సో కోర్టులో పిల్లల తరఫున పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వ న్యాయవాది) గారికి సహాయంగా నిలబడతాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుదారుల తరఫున వాదిస్తాను. ఒకటి నేరం, ఒకటి డబ్బు, ఈ రెండింటికీ పొత్తేమిటని కొత్తవాళ్లు అడుగుతుంటారు. నా టేబుల్‌కు అవతల కూర్చునేవాళ్లను చూస్తే ఆ ప్రశ్న రాదు. ఇద్దరూ తమకంటే బలమైనవాళ్లను నమ్మి దెబ్బతిన్నవాళ్లే. ‘నీ మాట ఎవరు నమ్ముతారు’ అనిపించుకుని, అయినా ఆగకుండా మన దాకా వచ్చినవాళ్లే. ఇద్దరినీ చివరికి అలసిపోయేలా చేసేది ఒకటే, వాయిదా.

అందుకే ఈ లేఖలో అడిగేది ఒక్కటే. బాధితులు సాక్ష్యం చెప్పడానికి వచ్చిన రోజున మన వల్ల ఆ కేసు వాయిదా పడకూడదు. మిగతా విషయాలన్నీ దీని చుట్టూ ఉన్నవే.

పోక్సో కోర్టులో తరచూ జరిగేది మీకు తెలియనిది కాదు. ఉదయం కేసులు పిలిచే కాల్ వర్క్ అయ్యాక అమ్మాయి చీఫ్, అంటే ప్రాసిక్యూషన్ తరఫు తొలి విచారణ, మొదలవుతుంది. జడ్జి గారు కుర్చీ దగ్గరకు జరిపించి, మెల్లగా అడుగుతారు. అమ్మాయి చెబుతుంది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది, నీళ్లు తాగుతుంది, మళ్లీ చెబుతుంది. చీఫ్ ముగిసి క్రాస్ (ముద్దాయి తరఫు ఎదురు ప్రశ్నలు) అనగానే డిఫెన్స్ జూనియర్ లేచి, ‘సీనియర్ గారు పక్క కోర్టులో పార్ట్ హర్డ్‌లో ఉన్నారు, తేదీ ఇప్పించండి’ అంటారు, అంటే సగంలో ఉన్న మరో విచారణలో ఉన్నారని. పిటిషన్ పడుతుంది, ఖర్చుల కింద కొంత సొమ్ము కట్టమంటారు, తేదీ పడుతుంది. ఇంతా అయ్యేది రెండు నిమిషాల్లో.

ఆ తర్వాత జరిగేది మనలో ఎక్కువమంది చూడరు, ఎందుకంటే అప్పటికే మనం ఇంకో కోర్టు హాల్లో ఉంటాం. ఒకసారి వరండాలో ఒక తల్లి నన్ను అడిగిన ప్రశ్న ఇది: ‘మళ్లీ వచ్చేసారి స్కూల్లో లీవ్ లెటర్‌లో ఏం రాయాలి మేడమ్?’ మొదటిసారి జ్వరమని రాసింది. తర్వాత బంధువుల ఇంట్లో పెళ్లని రాసింది. ఆ రోజు పాపకు పరీక్ష ఉంది, క్లాస్ టీచర్ కారణం అడుగుతోంది. పిల్ల ఎవరో బయటపడకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్ పత్రికల నోరు కట్టేసింది. మన వాయిదా మాత్రం ఆ తల్లిని స్కూలు గేటు దగ్గర నిలబెట్టి సంజాయిషీ చెప్పుకోమంటోంది. నా దగ్గర జవాబు లేదు. చట్టంలో ఉంది, మనమే అమలు కానివ్వడం లేదు.

33వ సెక్షన్ 5వ ఉపసెక్షన్, పిల్లను సాక్ష్యం కోసం పదే పదే కోర్టుకు రప్పించకుండా చూడమంటుంది. 35వ సెక్షన్, కోర్టు కేసును విచారణకు తీసుకున్న 30 రోజుల్లోగా పిల్ల సాక్ష్యం నమోదు చేయాలని, ఆలస్యమైతే కారణాలు రాసి పెట్టాలని, వీలైనంతవరకు ఏడాదిలోపు విచారణ ముగించాలని అంటుంది. చట్టం వచ్చింది 2012లో. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చాక, పార్టీ చేతిలో లేని కారణాలు ఉన్నా సరే రెండు వాయిదాలకు మించి ఇవ్వవద్దని పరిమితి కూడా పెట్టారు. చట్టంలో లోటు లేదు. లోటు మన డైరీల్లో ఉంది. ఒకే రోజున నాలుగు కోర్టుల్లో నాలుగు ట్రయల్స్ రాసుకుంటాం, ఏది ముందు పిలిస్తే అక్కడికి పరుగెత్తుతాం, మిగతా మూడింటికీ జూనియర్‌ని పంపుతాం.

సాక్షులను ఇలా తిప్పడం గురించి సుప్రీంకోర్టు 2000లో స్వరణ్ సింగ్ కేసులో చాలా బాధతో రాసింది. సాక్షి విసిగిపోయి రావడం మానేసేదాకా వాయిదాల మీద వాయిదాలు తీసుకోవడం ఒక పద్ధతిగా మారిందని, అందులో లాయర్ల పాత్ర ఉందని దాచుకోకుండా చెప్పింది. ఆ మాటలు చదివి నొచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ అబద్ధమని అనలేకపోయాను.

రెండు తేదీల మధ్య ఏం జరుగుతుందో కూడా చెప్పుకోవాలి. ఇలాంటి కేసుల్లో ముద్దాయి చాలాసార్లు తెలిసినవాడే. చుట్టమో, పక్కింటివాడో, పాఠం చెప్పేవాడో అయి ఉంటాడు. చీఫ్‌కీ క్రాస్‌కీ మధ్య దొరికే ఆ వారాల్లోనే పెద్దమనుషులు ఇంటికొస్తారు. ‘పిల్ల పెళ్లి కావాలి కదా’ అంటారు. తండ్రి పని చేసే చోట ఒత్తిడి వస్తుంది. చీఫ్‌లో స్పష్టంగా చెప్పిన పిల్ల, క్రాస్ నాటికి తల వంచుకుని ‘గుర్తు లేదు’ అంటుంది. హాస్టైల్ అని రాసుకుని మనం బయటికొస్తాం. తీర్పులో సాక్షి ఎదురు తిరిగిందని ఉంటుంది. ఎదురు తిరగడానికి ఎవరు వ్యవధి ఇచ్చారో అందులో ఉండదు.

ఇక్కడ డిఫెన్స్ మిత్రులు అడ్డుపడతారని తెలుసు. ముద్దాయికి మంచి లాయర్ ఉండాలనే నేనూ నమ్ముతాను. ఫలానా ముద్దాయి తరఫున ఎవరూ వాదించకూడదని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేయడం చెల్లదని 2010లో మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది సరైన మాట. తప్పుడు కేసులూ ఉంటాయి. గట్టి క్రాస్ లేకుండా పడిన శిక్ష అప్పీలులో నిలవకపోవచ్చు కూడా. నేను అడిగేది క్రాస్ చేయవద్దని కాదు, ఆ రోజే చేయమని, మనిషిలా చేయమని.

నా తొలి సంవత్సరాల్లో ఒక పెద్దాయన క్రాస్ చూశాను. డిఫెన్స్ ఆయనదే. ప్రశ్నలన్నీ ముందే కాగితం మీద రాసుకొచ్చి జడ్జి గారికి అందించారు. 33వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ ప్రకారం పిల్లను ప్రశ్న అడగాల్సింది కోర్టే, లాయర్ కాదు. ఒక్కో ప్రశ్నలో ఒక్కటే విషయం ఉంది. అప్పుడు లైటు వెలుగుతోందా? తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? అమ్మ ఎన్ని గంటలకు వచ్చింది, గడియారం చూశావా, ఎవరైనా చెప్పారా? పిల్ల ఒక్కసారి కూడా ఏడవలేదు. పోలీసులకిచ్చిన వాంగ్మూలానికీ కోర్టులో చెప్పినదానికీ మధ్య ఆయనకు కావలసిన తేడా దొరికింది, దాన్ని ఆర్గ్యుమెంట్స్‌లో చక్కగా వాడుకున్నారు. నేను అవతలి పక్షంలో కూర్చుని నేర్చుకున్న పాఠం అది. అరిచేవాళ్లకు దొరకని సమాధానాలు ఆయనకు దొరికాయి.

అదే 33వ సెక్షన్ 6వ ఉపసెక్షన్‌లో దూకుడు ప్రశ్నలను, పిల్ల నడతను మచ్చపెట్టడాన్ని కోర్టు అనుమతించకూడదని ఉంది. పెద్దవాళ్ల విషయంలోనూ సుప్రీంకోర్టు 1996లో గుర్మీత్ సింగ్ కేసులో అదే అంది: బాధితురాలిని డిఫెన్స్ వేధిస్తుంటే జడ్జి ప్రేక్షకుడిలా చూస్తూ కూర్చోకూడదని. ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటే, అంతకుముందు మన కోర్టుల్లో ఏం జరిగిందో తెలుసుకోవాలి.

మన నగరంలోనే జరిగిన సంగతి. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై పోలీసులు అత్యాచారం చేశారు, ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కానీ ఆ కమిషన్ ముందు పోలీసుల తరఫున ఎక్కువ కష్టపడింది ఆమె మంచి మనిషి కాదని నిరూపించడానికే. తర్వాత కేసు కర్ణాటకకు బదిలీ అయింది, రాయచూరు కోర్టులో పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. అదే 1978లో మహారాష్ట్రకు చెందిన మథుర అనే అమ్మాయి అత్యాచార కేసులో, ఒంటి మీద గాయాలు లేవు, ప్రతిఘటించలేదు అంటూ సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. ఆ తీర్పు మీద 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు, ఉపేంద్ర బక్షీ, వసుధా ధగంవార్, లతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా చర్చ జరిగింది, 1983లో చట్టం మారింది. బాధితురాలి నడత చెడ్డదని చెప్పి ఆమె మాటను తోసిపుచ్చే వీలు కల్పించిన సాక్ష్య చట్టం నిబంధనను తొలగించడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. బాధితురాలికి అంతకుముందు లైంగిక అనుభవం ఉందో లేదో తేలుస్తామంటూ వైద్యులు చేసే రెండు వేళ్ల పరీక్ష ఆమె హక్కులకు భంగమని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అది ఆగలేదు గనుక 2022లో మరోసారి, ఇంకా గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

ఇంత చరిత్ర ఉన్నా ఆ ప్రశ్నలు వేరే వేషంలో ఇప్పటికీ వస్తున్నాయి. ఫోన్ ఎవరు కొనిచ్చారు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎందుకున్నావు, రాత్రి మెసేజ్ ఎందుకు పెట్టావు. కేసుకు సంబంధం ఉంటే అడగండి. లేనప్పుడు ఆ ప్రశ్న ఎవరిని ఉద్దేశించి అడుగుతున్నామో మనకు తెలుసు. అది బయట కూర్చున్న క్లయింట్ బంధువుల తృప్తి కోసం అడిగేది.

బాధితుల పక్షాన నిలబడే మనకూ పరిమితులున్నాయి, వాటిని సాకుగా వాడుకోవడమూ ఉంది. 2019లో రేఖా మురార్కా కేసులో సుప్రీంకోర్టు, బాధితుల లాయర్ సొంతంగా సాక్షులను క్రాస్ చేయలేరని, పీపీకి సహాయం మాత్రమే చేయాలని చెప్పింది. దాంతో చాలామంది ‘ఇక మన పనేముంది’ అని వకాలత్తు వేసి ఊరుకుంటున్నారు. పని బోలెడుంది. పీపీ గారి బల్ల మీద వందల ఫైళ్లుంటాయి. మన ఫైలు ఒక్కటే మనం క్షుణ్ణంగా చదవగలం, వదిలేసిన ప్రశ్నను చీటీ మీద రాసి అందించగలం. పీపీ పట్టించుకోకపోతే జడ్జి గారి దృష్టికి తేగలమని అదే తీర్పులో ఉంది. బెయిల్ పిటిషన్ వచ్చినప్పుడు కుటుంబానికి తెలియజేసి కోర్టులో మాట వినిపించగలం. సాక్ష్యం ముగిశాక రాతపూర్వక వాదన ఇవ్వగలం. ముద్దాయి నిర్దోషిగా బయటపడితే అప్పీలు చేసే హక్కు 2009 సవరణ నుంచి బాధితులకూ ఉంది.

ఇక మధ్యంతర పరిహారం. 2020 పోక్సో నియమాల్లో 9వ నియమం ప్రకారం ఎఫ్‌ఐఆర్ నమోదైన తర్వాత ఏ దశలోనైనా ప్రత్యేక కోర్టు పరిహారం ఇప్పించవచ్చు, ఆర్డర్ అందిన 30 రోజుల్లో ప్రభుత్వం చెల్లించాలి. తీర్పు దాకా ఆగక్కర్లేదు. ఆ డబ్బుతో కుటుంబం ఇల్లు మారగలదు, పిల్లను కౌన్సెలింగ్‌కు తీసుకెళ్లగలదు, పెద్దమనుషులు తెచ్చిన రాజీ సొమ్మును వద్దని చెప్పగలదు. ఒక పేజీ పిటిషన్ అది. ఎన్ని కేసుల్లో వేస్తున్నామో ఎవరి ఆఫీసులో వాళ్లం చూసుకుందాం.

సాక్ష్యానికి ముందు రోజు పిల్లను ఖాళీ కోర్టు హాలుకు తీసుకెళ్లి చూపించడం నేను ఎన్నడూ మానను. జడ్జి గారు ఎక్కడ కూర్చుంటారు, టైపు చేసే ఆమె ఎక్కడ, ముద్దాయి కనపడకుండా తెర ఎక్కడ వేస్తారు, అన్నీ చూపిస్తాను. ‘తెలియదు’ అనొచ్చని, ‘మళ్లీ చెప్పండి’ అని అడగొచ్చని చెబుతాను. కేసు సంగతి ఒక్క ముక్క మాట్లాడను, అది సాక్షికి నేర్పడం అవుతుంది. ఈ అరగంట పనికి ఫీజు ఎవరూ ఇవ్వరు. పిల్ల మర్నాడు తలెత్తి మాట్లాడుతుందా లేదా అనేది మాత్రం చాలావరకు ఆ అరగంటే తేలుస్తుంది.

వినియోగదారుల కేసుల దగ్గరికొస్తాను. ఇక్కడ బోనెక్కించడం తక్కువ, సాక్ష్యమంతా అఫిడవిట్ల మీదే నడుస్తుంది. అయినా అదే జబ్బు. 2019 చట్టం ప్రకారం అవతలి పక్షానికి నోటీసు అందిన మూడు నెలల్లో, వస్తువును ల్యాబ్‌లో పరీక్షించాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. కంపెనీ జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, అదనంగా 15 రోజులు. అంతకు మించి ఒక్క రోజు కూడా ఇవ్వకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఇంత స్పష్టంగా ఉన్నా మెమో వేస్తాం, వకాలత్తు మారుస్తాం, రాజీ మాటలు జరుగుతున్నాయంటాం. మనవాళ్ల సామెత ఉంది కదా, కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని. ఆ సామెత నిజం కాకుండా చేయడానికే వినియోగదారుల చట్టం పుట్టింది. లాయర్ లేకుండా కూడా ఫిర్యాదు చేసుకోవచ్చని, తానున్న ఊరి కమిషన్‌లోనే వేసుకోవచ్చని, 5 లక్షల దాకా ఫీజు ఉండదని అందులో ఉన్నది అందుకే.

విత్తనాల కేసు ఒక్కటి చెబుతాను. మొలక రాలేదని రైతు వస్తే కంపెనీ తరఫున మొదటి వాదన ఎప్పుడూ ఒకటే: నమూనా ల్యాబ్‌కు పంపలేదు గనుక లోపం రుజువు కాలేదు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే ఈ వాదనను సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడించారు. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో కోర్టు, రైతు కొన్న విత్తనమంతా చల్లుకుంటాడు గానీ రేపు కేసు వేయాలని కొంత దాచిపెట్టుకోడని చెప్పింది. విత్తన చట్టం ఉన్నా వినియోగదారుడిగా రైతు హక్కు పోదని కూడా చెప్పింది. ఇంత జరిగాక కూడా అదే అభ్యంతరం కంపెనీల కౌంటర్లలో (జవాబు పత్రాల్లో) మాట మారకుండా వస్తూనే ఉంది. బిల్లు, లాట్ నంబరున్న సంచి ట్యాగు, పొలం చూసి వ్యవసాయాధికారి రాసిన నివేదిక, ఈ మూడూ ఉన్న రైతు కేసు ఒక పంట కాలంలో తేలిపోవాలి. వాయిదాలతో మూడు పంటలు గడిచాక వచ్చే పరిహారం అప్పటికే వడ్డీకి పోయి ఉంటుంది. కంపెనీ అప్పీలుకు వెళ్లాలంటే సగం సొమ్ము డిపాజిట్ చేయాలి గనుక, ఆర్డర్ రాకుండా సాగదీయడమే లాభమని కంపెనీలు లెక్క వేసుకుంటాయి. ఆ లెక్కకు మన సంతకం దొరక్కూడదు.

మరో మాట. 2024 మేలో సుప్రీంకోర్టు, లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని తీర్పిచ్చింది. డాక్టర్లు 1995 నుంచీ ఆ చట్టం కింద జవాబు చెప్పుకుంటున్నారు, మనం చెప్పుకోనక్కర్లేదు. మన వృత్తి స్వతంత్రంగా ఉండాలన్న వాదనతో నేను ఏకీభవిస్తాను. కానీ మన మీద క్లయింట్ వెళ్లగలిగే దారులు అంతమేరకు తగ్గాయని కూడా ఒప్పుకోవాలి. కోర్టు మనల్ని నమ్మి వదిలినచోట మనమే మనకు నియమం పెట్టుకోవాలి.

ఫీజు సంగతీ అంతే. వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక ప్రమాద పరిహారం కేసులోనే సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో, శాతం లెక్కన ఫీజు ప్రజా ప్రయోజనానికి విరుద్ధమని చెప్పింది. ఫీజెంతో మొదటి రోజే కాగితం మీద రాసివ్వండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందని, 1987 చట్టంలో 12వ సెక్షన్ అదేనని, మన దగ్గరికి వచ్చిన మనిషికి ముందుగా మనమే చెప్పాలి. చెబితే కేసు పోతుందని భయపడొద్దు.

జూనియర్లు ఈ పనికి రావడం లేదని సీనియర్లు బాధపడుతుంటారు. ఎలా వస్తారు? సివిల్ దావాల్లో పదేళ్ల తర్వాతైనా నిలదొక్కుకోవచ్చు. బాధితుల కేసుల్లో క్లయింట్ దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు. జూనియర్లకు నగరాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచనగానే ఉండిపోయింది. ఇవ్వగలిగిన స్తోమత ఉన్న సీనియర్లు మన మధ్యే ఉన్నారు, వారిని పేరుపేరునా అడగడానికి నేను సిద్ధం. ఇందులో మెలకువలు చాలా ఉన్నాయి, పుస్తకాల్లో దొరకవు. ఒక పిల్ల మౌనంగా ఉన్నప్పుడు ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు బ్రేక్ అడగాలో పక్కన కూర్చుని చూస్తేనే వస్తుంది.

విధుల బహిష్కరణ గురించి చెప్పకపోతే ఈ లేఖ అసంపూర్ణం. లాయర్లకు సమ్మె చేసే హక్కు లేదని హరీష్ ఉప్పల్ కేసులో 2002 డిసెంబరులోనే తేలింది. అయినా పిలుపులు వస్తూనే ఉన్నాయి, కొన్నింటి వెనుక న్యాయమైన కారణాలూ ఉన్నాయి. వాటి మీద నా అభిప్రాయం వేరే సందర్భంలో చెబుతాను. కనీసం ఆ రోజున సాక్ష్యానికి వచ్చిన పిల్లను, అత్యాచార బాధితురాలిని, గృహహింస కేసులో మధ్యంతర భృతి కోసం వచ్చిన మహిళను వెనక్కి పంపవద్దు. నిరసన బ్యాడ్జీ పెట్టుకుని లోపలికి వెళ్లి ఆ ఒక్క సాక్ష్యం ముగించి రావచ్చు.

కాబట్టి అధ్యక్ష కార్యదర్శులకు నా విన్నపం. రాబోయే జనరల్ బాడీ అజెండాలో ఒక తీర్మానం చేర్చండి: బాధితులు సాక్ష్యానికి హాజరైన రోజున మన సభ్యులెవరూ వాయిదా కోరరు. సీనియర్‌కు వేరే కోర్టులో పని ఉంటే ముందు రోజే చెప్పి, కేసు చదివిన మరొకరిని పంపుతారు. బహిష్కరణ పిలుపు ఈ సాక్ష్యాలకు వర్తించదు. వినియోగదారుల కమిషన్‌లో 45 రోజులు దాటాక జవాబు దాఖలుకు గడువు అడగరు. దీనికి శిక్షలేమీ పెట్టనక్కర్లేదు, బార్ హాల్ నోటీసు బోర్డు మీద అందరూ చదివేలా ఉంటే చాలు. ముసాయిదా రాసి ఈ వారమే కార్యదర్శుల చేతికిస్తాను. వ్యతిరేకించే డిఫెన్స్ మిత్రులు తప్పకుండా వచ్చి మాట్లాడండి. మీ ఇబ్బందులు వినకుండా చేసిన తీర్మానం మర్నాడే పక్కన పడిపోతుంది, నాకు అది వద్దు.

ఇట్లు,
మీ బార్‌లోని ఒక ట్రయల్ కోర్టు న్యాయవాది